అడ్డు నిలిచినవాడు



ఉద్యోగవిరమణ తరువాత ఒకమారు అమెరికాలో మా అబ్బాయి ఇంట మూడు నెలలు గడిపాను. చలికాలం కావడంచేత గడప దాటే యోగం లేదు. ఆదివారం వచ్చిందంటే మధ్యాహ్నం మొదలు రాత్రి దాకా టెలివిజన్‌లో వాళ్ళ ఫుట్‌బాల్ సాగేది. పేరుకు ఫుట్‌బాలే గాని కాలికీ ఆ ఆటకూ చుట్టరికం తక్కువ. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చంకన బెట్టుకొని ఒకడు పరుగెత్తుతాడు, నలుగురు మీదపడి వాణ్ణి కూలదోస్తారు. మొదటి వారం నాకది తిరునాళ్ళలో దొమ్మీలాగా కనిపించింది. మూడో వారానికి అందులోనూ వ్యూహమున్నదని బోధపడింది. ఒకే జట్టులో దాడి చేయడానికి పదకొండుగురు, అడ్డుకోవడానికి వేరే పదకొండుగురు. అడ్డుకొనేవాళ్ళకు ప్రత్యేకంగా ఒక గురువు కూడా ఉంటాడట.

ఆ మాటల్లోనే మా అబ్బాయి టోనీ డంజీ అనే ఆయన కథ చెప్పాడు. 1977, 78 సంవత్సరాల్లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టులో వెనుక వరుసన ఆడినవాడు. తరువాత శిక్షకుడై 2007 ఫిబ్రవరిలో ఇండియానాపొలిస్ కోల్ట్స్ జట్టును సూపర్ బౌల్ విజేతగా నిలిపాడు. ప్రధాన శిక్షకుడుగా ఆ విజయం అందుకొన్న మొదటి నల్లజాతి మనిషి ఆయనే. కథ ముగించి మావాడు, "నాన్నా, అడ్డుకొనే ఆటగాడుగా మొదలై గురువైనవాళ్ళు మన దగ్గర ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. నా నోట వెంటనే వచ్చిన పేరు సయ్యద్ నయీముద్దీన్. ఆ పేరే వినలేదన్నాడు మావాడు. హైదరాబాదులో నాలుగేండ్లు ఇంజనీరింగు చదివినవాడు! వాడికి ఉత్తరంగా మొదలుపెట్టినది పెరిగి పెరిగి ఈ టపా అయింది.

అసలు విషయానికి ముందు, భాష చెప్పుకొని బ్రతికినవాణ్ణి గనుక, ఒక మాటను గురించి చెప్పనివ్వండి. తెలుగువాడికి అడ్డుపడేవాడంటే ఎందుకో కిట్టదు. పెళ్ళి చెడినా, పొలం బేరం చెడినా "సైంధవుడిలా అడ్డుపడ్డాడు" అంటాం. భారతకథలో సైంధవుడు చేసిందేమిటి? ద్రోణుడు పన్నిన పద్మవ్యూహంలోకి అభిమన్యుడు చొచ్చుకొనిపోగా, వెన్నంటి రావలసిన ధర్మజ భీమ నకుల సహదేవులను వ్యూహద్వారం దగ్గర ఒక్కడే నిలిపివేశాడు. శివుని వరం తోడున్నదనుకోండి. ధర్మాధర్మాల తర్కం ప్రక్కన బెట్టి కేవలం యుద్ధవిద్యగా చూస్తే అది సామాన్యమైన పని కాదు. మరునాడు ఆ సైంధవుణ్ణే కాపాడడానికి ద్రోణుడు సేననంతా వ్యూహంగా నిలిపాడు. పొద్దు గుంకేదాకా అర్జునుణ్ణి ఆపితే చాలు, ఆనాటికి పని నెరవేరినట్లే. వెనుక వరుస ఆటగాడి లెక్క అచ్చంగా ఇదే. వాడు గెలిపించనక్కరలేదు, ఈల మ్రోగేదాకా ఓడకుండా చూస్తే చాలు.

మా వైపు చెడుగుడులో మాత్రం ఈ పక్షపాతం తక్కువ. కూతకు వచ్చినవాణ్ణి మోకాలు పట్టి నిలిపినవాడికీ పాయింటు ఉంది, ఊళ్ళో పేరూ ఉంది. ఫుట్‌బాల్‌కు ఆ న్యాయం లేదు. గోలు వేసినవాడి పేరు పత్రికలో పడుతుంది. పడవలసిన గోలును ఆపినవాడి పేరు ఎవరు వ్రాస్తారు? జరగని సంగతికి చరిత్ర ఉండదు గదా. అమెరికావాళ్ళ ఆటలో సైతం, బంతి విసిరేవాణ్ణి విసరకముందే కూలదోయడాన్ని అధికారికంగా లెక్కవేయడం 1982లో గాని మొదలు కాలేదట.

ఈ అన్యాయం నాకు స్వానుభవం. మా నాయన రైల్వేలో పనిచేసేవారు. రేణిగుంట జంక్షను గనుక రైల్వే పిల్లలకు ఆటల పిచ్చి ఎక్కువగా ఉండేది. మద్రాసు నుంచి బదిలీమీద వచ్చిన కుటుంబాల పిల్లలతో పాటు ఫుట్‌బాల్ కూడా మా వీధుల్లోకి వచ్చింది. బడిలో డ్రిల్లు అయ్యవారు జట్టు వేసేటప్పుడు చురుకైన పిల్లలను ముందుకు పంపి, నావంటి బక్కవాళ్ళను "ఒరేయ్, నువ్వు పొయ్యి గోలు కాడ నిలబడుకోరా" అని వెనక్కు తోసేవారు. అట్లా నేను ఫుల్‌బ్యాక్‌నయ్యాను. ఒకసారి ప్రక్క ఊరి బడితో ఆట పడింది. ఆ సాయంత్రం ఎన్ని బంతులను ఆపానో నాకు గుర్తుంది, మరెవ్వరికీ గుర్తులేదు. చివర్లో ఒక బంతి నా కాళ్ళ సందున దూరి గోలయింది. ఏభై ఏండ్లు దాటాయి. ఇప్పటికీ రేణిగుంట బజారులో నా ఈడువాడొకడు కనబడితే "ఏమయ్యా పంతులూ, కాళ్ళు దగ్గిర పెట్టుకో" అంటాడు.

1970 డిసెంబరులో నాకు పదేండ్లు. బాంకాక్ ఆసియా క్రీడల్లో ఇండియా జపానును ఓడించి ఫుట్‌బాల్‌లో కాంస్యపతకం గెలిచిందని రేడియోలో చెప్పారు. మా డ్రిల్లు అయ్యవారు మరునాడు ప్రార్థన దగ్గర ఆ సంగతి మళ్ళీ చెప్పి, జట్టు నాయకుడు మన హైదరాబాదువాడనీ, వాడు ఆడేది వెనుక వరుసలోననీ అని నా వైపు చూశారు. నయీముద్దీన్ పేరు నాకు అంటుకొన్నది ఆనాడే.

సయ్యద్ నయీముద్దీన్ 1944లో హైదరాబాదులో పుట్టారు. ఆయన పెరిగే రోజుల్లో ఆ నగరం ఫుట్‌బాల్‌కు ఎంత పేరు పొందినదో ఈనాటివాళ్ళకు చెబితే నమ్మరు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఢిల్లీ డ్యూరాండ్ కప్పును 1950, 54, 57 పోటీలలో ఎత్తుకువచ్చింది. పేరు ఆంధ్రా పోలీసుగా మారిన తరువాత 1961లో మరోసారి గెలిచింది. ఈ వైభవానికి మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1950 నుంచి 1963లో మరణించేదాకా ఆ జట్టుకు ఆయనే గురువు. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకాలు తెచ్చిన శిక్షకుడూ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేర్చిన శిక్షకుడూ ఆయనే. 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చాక ఆయన పేరు కొంత తిరిగి వినబడింది.

నాకు రహీం మీద ఒక ప్రత్యేకమైన మమకారముంది. ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. ఉస్మానియా పట్టభద్రుడు, హైదరాబాదు పాఠశాలల్లో పాఠాలు చెప్పినవాడు. ఆయన శిక్షణపద్ధతి చూడండి, పంతులుతనం ఎంత కనబడుతుందో. పిల్లలకు ఎడమకాలితో మాత్రమే ఆడాలని పోటీ పెట్టేవారు. బంతిని తనదగ్గరే త్రిప్పుకోరాదు, వెంటనే అందించాలని ఇంకొక పోటీ. పొట్టివాళ్ళకు వేరే పోటీ. వ్యాకరణంలో తప్పుచేసే సూత్రాన్నే పదిసార్లు వ్రాయించే పద్ధతి ఇది. బలహీనమైన చోట పని చేయించాలన్న తెలివి ఉపాధ్యాయుడికి గాక ఎవరికి వస్తుంది!

రహీం చేసిన మరొక పని వెనుక వరుసను మార్చడం. అంతకుముందు మన జట్లు ఇద్దరే ఫుల్‌బ్యాకులతో, చాలావరకు వట్టికాళ్ళతో ఆడేవి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చావుదెబ్బ తిన్నాక బూట్లు తప్పనిసరి అయ్యాయి, రక్షణలో ముగ్గురు నిలబడడం అలవాటయింది. అటుపిమ్మట రహీం నలుగురిని వెనుక నిలిపే 4-2-4 పద్ధతికి దారితీశారు. ఇద్దరు అంచుల్లో, ఇద్దరు నడుమ. ఆ నడుమవాళ్ళను స్టాపర్లనేవారు. నయీముద్దీన్‌కు దక్కిన పీట అదే. ఆయన పోలీసు జట్టులో ఎదిగివచ్చే నాటికి రహీం వెళ్ళిపోయారు. 1963 జూన్‌లో క్యాన్సరు ఆయనను తీసుకొనిపోయే సమయానికి నయీముద్దీన్‌కు ఇరవై ఏండ్లు నిండలేదు. మనిషి పోయినా ఆయన వేసిన బాట నగరంలో ఉండనే ఉంది.

స్టాపర్ పని చూపరులకు పనిగా కనబడదు. బంతితో వచ్చేవాడి మీదికి ఎగబడితే వాడు ప్రక్కకు తప్పుకొని పోతాడు, వెనుక ఇక గోల్‌కీపరు ఒక్కడే. అందుకని ఎగబడకూడదు. ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ, ఎదుటివాడి కాళ్ళ విన్యాసం చూడకుండా బంతినే చూస్తూ, వాణ్ణి గోలు నుంచి దూరంగా అంచువైపు నడిపించాలి. వాడికి చేతకాని కాలివైపు త్రోవ విడిచి, చేతనైన కాలివైపు మూసివేయాలి. తోడి స్టాపరు బంతి మీదికి వెళితే తాను ఆగాలి. పైనుంచి వచ్చే బంతిని తలతో త్రిప్పికొట్టాలి. అన్నిటికీ మించి, మైదానమంతా తన కళ్ళముందే ఉంటుంది గనుక తనవాళ్ళకు కేకవేసి చెబుతూ ఉండాలి. ముందు వరుసవాడికి ఎదుటి గోలు మాత్రమే కనబడుతుంది, వెనుకవాడికి ఇరవైమందీ కనబడతారు. స్టాపర్లలో జట్టు నాయకులూ తరువాతి శిక్షకులూ ఎక్కువగా తేలడానికి ఇదొక కారణమని నా ఊహ.

1966లో నయీముద్దీన్ కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. అదే ఏడు హైదరాబాదు నుంచే మహమ్మద్ హబీబ్ కూడా ఆ క్లబ్బుకే వెళ్ళారు. మన ఆటగాళ్ళు తూర్పుదారి పట్టడం అప్పటికే అలవాటు. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం వీళ్ళకంటే ముందే అక్కడ పెద్ద పేరు పొందారు. కారణాలు వెదకనక్కరలేదు. పోలీసు జట్టులో ఉద్యోగం ఉంటుంది, జీతం వస్తుంది, అంతవరకే. కలకత్తాలో ఆట చూడటానికి జనం విరగబడతారు. కాగితంమీద ఆట అమెచ్యూరే అయినా క్లబ్బులు డబ్బిచ్చేవి. ఆ మైదానంలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడూ మూడు రాజ్యాలు. అభిమానుల ఇండ్లలో గెలుపోటములనుబట్టి పొయ్యిమీద రొయ్యలో పులసో ఉడుకుతాయని చెప్పుకొంటారు. (వాళ్ళ ఇలిశే మన పులస, గోదావరి మిత్రులు గమనించగలరు.) నయీముద్దీన్ మూడు రాజ్యాల్లోనూ కొలువు చేశారు. మూడుచోట్లా ఆదరణ పొందడం పరాయి ఊరివాడికి తేలిక కాదు.

హబీబ్ ముందువరుస ఆటగాడు. బెంగాలీలు ఆయనను 'బడే మియా' అని ప్రేమగా పిలుచుకొన్నారు. 2023 ఆగస్టు 15న ఆయన హైదరాబాదులో కన్నుమూసినప్పుడు కలకత్తా పత్రికలు కన్నీరు పెట్టుకొన్నాయి. న్యాయమే. కాని హబీబ్ ముందుకు పరుగెత్తిన ఆటల్లో వెనుక గడప కాసినవాడి సంగతి అంతగా వినబడదు.

ఇక బాంకాక్. ఆ 1970 సంవత్సరం నయీముద్దీన్ ఆటజీవితంలో శిఖరం. ఆయన నాయకత్వంలో మన జట్టు ముందుగా మలేసియాలో జరిగిన మెర్డెకా పోటీల్లో మూడోస్థానం పొందింది. డిసెంబరులో ఆసియా క్రీడల సెమీఫైనల్‌లో బర్మా చేతిలో 2-0 తేడాతో ఓడింది. ఆ బర్మా తుదిపోరులో దక్షిణ కొరియాతో సమానంగా నిలిచి బంగారాన్ని పంచుకొన్నది. మనకు మిగిలింది కాంస్యం కోసం జపానుతో ఆట. జపాను రెండేండ్ల క్రితమే మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టు. 1960 నుంచి డెట్‌మార్ క్రామర్ అనే జర్మను గురువును రప్పించుకొని క్రమపద్ధతిలో ఆట నేర్చుకొంటున్న దేశం. అట్లాంటి జట్టును మనవాళ్ళు 1-0తో ఓడించారు.

ఆ అంకెను చూడండి. ఒకటి పక్షాన గోలు వేసినవాడున్నాడు. సున్న పక్షాన ఎవరున్నారు? గోల్‌కీపరూ, నలుగురు బ్యాకులూ, వాళ్ళకు నడుమ నిలిచి కేకవేస్తున్న నాయకుడూ. పురుషుల ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల పతకం మనకు ఆ తరువాత ఇంతవరకూ రాలేదు. ఆ ఏటికే నయీముద్దీన్‌కు అర్జున పురస్కారం ఇచ్చారు.

ఆట విడిచాక ఆయన శిక్షకుడయ్యారు. గురువుగా ఆయన పేరు మారుమ్రోగింది 1990లో. ఈస్ట్ బెంగాల్ ఆ సంవత్సరం ఆయన శిక్షణలో ఐ.ఎఫ్.ఎ. షీల్డు, డ్యూరాండ్, రోవర్స్ మూడింటినీ గెలిచింది. ఒకే ఏట మూడూ గెలవడం ఆ క్లబ్బు చరిత్రలో అది రెండోసారి. మొదటిది 1972లో ప్రదీప్ కుమార్ బెనర్జీ శిక్షణలో జరిగింది. 1990కే నయీముద్దీన్‌కు ద్రోణాచార్య పురస్కారం లభించింది. ఫుట్‌బాల్ గురువుల్లో దాన్ని పొందిన మొదటివారు ఆయనే. అర్జునుడై ఇరవై ఏండ్లకు ద్రోణుడైన మనిషి! తెలుగు పండితుడికి ఇంతకన్న రుచించే సంగతి ఉంటుందా? పురస్కారాలకు పేర్లు పెట్టినవాళ్ళు ఊహించారో లేదో గాని, వ్యూహం పన్ని కాపాడే విద్యలో ద్రోణుడు తక్కువవాడేమీ కాదని పైన చెప్పుకొన్నాం.

ఆయన శిక్షణను గురించి అందరూ చెప్పే మాట క్రమశిక్షణ. వేళకు రావాలి, ఒళ్ళు వంచాలి, తిండి అదుపులో ఉండాలి, ఎంత పెద్ద ఆటగాడైనా పరుగు తప్పించుకోరాదు. పేరు వచ్చిన ఆటగాళ్ళకు ఇది అంతగా నచ్చని పద్ధతి. అందులోని తీపీ చేదూ నాకు తెలుసు. ముప్పై అయిదేండ్లు ఛందస్సు చెప్పాను. గణవిభజన రాని కుర్రవాణ్ణి బడి విడిచాక గంటసేపు కూర్చోబెట్టినప్పుడు వాడి మొగంలో నేను చూసింది కృతజ్ఞత కాదు. పదిహేనేండ్ల తరువాత వాడే తిరుపతి బస్సులో లేచి సీటిస్తాడు. ఫుట్‌బాల్ గురువుకు పదిహేనేండ్ల గడువు ఎవరిస్తారు? కలకత్తాలో రెండు ఆటలు ఓడితే గురువును మారుస్తారు. ఈస్ట్ బెంగాల్ నుంచి మోహన్ బగాన్‌కు, అక్కణ్ణించి మహమ్మడన్‌కు, మళ్ళీ వెనక్కి. ఆటగాడుగా తిరిగిన మూడు కొలువులనూ గురువుగానూ తిరిగివచ్చారాయన.

దేశపు జట్టుకు గురువుగా ఆయనను పలుమార్లు పిలిచారు. 1997లో ఖాట్మండులో దక్షిణాసియా దేశాల గోల్డ్ కప్పు తుదిపోరులో మాల్దీవులను 5-1తో ఓడించినప్పుడు శిక్షకుడు ఆయనే. 2005 డిసెంబరులో కరాచీలో బంగ్లాదేశ్‌ను 2-0తో ఓడించి అదే కప్పును మళ్ళీ తెచ్చినప్పుడూ ఆయనే.

కరాచీ విజయం తరువాత రెండు నెలలు గడిచాయో లేదో, ఆసియా కప్పు అర్హతపోటీ వచ్చింది. 2006 ఫిబ్రవరి 22, యొకొహామా నగరం. ఎదుట జపాను. గురువు స్థానంలో బ్రెజిల్ దేశపు జీకో, తొంభయ్యో నిమిషం దాకా అలుపెరుగని జట్టు. ఫలితం 6-0. వారం తిరిగేసరికి ఢిల్లీలో యెమెన్ చేతిలో 3-0. నయీముద్దీన్‌ను తొలగించారు. ఇంగ్లండు నుంచి బాబ్ హౌటన్ అనే శిక్షకుణ్ణి రప్పించారు.

యొకొహామా ఫలితం నేను పత్రికలో చూశాను. అప్పటికి బడిలోనే ఉన్నాను. ఆ మూల చిన్న వార్తలో ముప్పై అయిదేండ్ల క్రితం ఇదే జపానును సున్నకు నిలిపిన నాయకుడే ఈ గురువన్న ముక్క లేదు. వార్త వ్రాసినవాడికి తెలియకపోవచ్చు, తెలిసినా చోటు చాలకపోవచ్చు. కాని నాకు ఆ పూట అన్నం సహించలేదు. రేణిగుంట బజారులో "కాళ్ళు దగ్గిర పెట్టుకో" అన్న మాట చెవిలో వినబడింది.

కొంచెం లెక్క చూద్దాం. 1970 తరువాత జపాను ఏంచేసింది? క్రామర్ వేసిన పునాదిమీద బడి పిల్లల జట్ల నుంచి కట్టుకొంటూ వచ్చింది. 1993లో వృత్తిఆటగాళ్ళతో జె-లీగు ప్రారంభించింది. 1998లో మొదటిసారి ప్రపంచకప్పులో అడుగుపెట్టింది, 2002లో కొరియాతో కలిసి ఆ పోటీని తన దేశంలోనే నడిపింది. మనం? మన జాతీయ లీగు మొదలైందే 1996లో. రహీం ఎడమకాలి పోటీలు పెట్టిన హైదరాబాదులో ఆ పోటీలు ఆయనతోనే పోయాయి. సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956, 57ల్లో, ఆంధ్రప్రదేశ్ 1965-66లో గెలిచాయి. ఆ పిమ్మట ఆ కప్పు మన వైపు తిరిగి చూడలేదు. రెండు దేశాల నడుమ ముప్పై అయిదేండ్లలో పెరిగిన దూరాన్ని తొంభై నిమిషాల్లో ఒక మనిషి పూడ్చలేదని తప్పు మోపారు. అదే సంవత్సరం అక్టోబరులో హౌటన్ శిక్షణలో బెంగుళూరులో మన జట్టు మళ్ళీ జపానుతో ఆడి 3-0తో ఓడింది. సొంతగడ్డ, క్రొత్త గురువు. ఇక్కడ నేను నయీముద్దీన్‌ను వెనుకవేసుకొని రావడంలేదు. ఆయన పద్ధతి పాతబడిందన్న విమర్శ ఆ రోజుల్లో వచ్చింది, అందులో కొంత నిజముండవచ్చు. అరవై దాటినవాడికి క్రొత్త పాఠ్యప్రణాళిక ఇస్తే ఎట్లా ఉంటుందో నాకూ తెలుసు. కాని ఆరు గోళ్ళనూ ఒక్కడి ఖాతాలో వ్రాయడం లెక్క తెలియనివాళ్ళ పని.

ఆయన మాత్రం మైదానం విడువలేదు. అంతకుముందూ ఆ తరువాతా ఢాకాలో బ్రదర్స్ యూనియన్ క్లబ్బుకు శిక్షణ ఇచ్చారు. బంగ్లాదేశ్ జాతీయజట్టుకూ గురువుగా ఉన్నారు. కరాచీలో తాను ఓడించిన జట్టే తరువాత ఆయనను గురువుగా పిలుచుకొన్నదన్నమాట. ఇంతకన్న యోగ్యతాపత్రం ఏం కావాలి? 2016లో మోహన్ బగాన్ క్లబ్బు తన అత్యున్నత గౌరవమైన 'మోహన్ బగాన్ రత్న'ను ఆయనకిచ్చింది. ఈస్ట్ బెంగాల్‌కు మూడు కప్పులు ఒకే ఏట గెలిపించినవాడికి వాళ్ళ ఆజన్మశత్రువులు ఇచ్చిన గౌరవమది. కలకత్తా ఎరిగినవాళ్ళకు దాని బరువు తెలుస్తుంది.

ఆయన ఇంటిభాష ఉర్దూ, పేరు పొందింది బెంగాలులో, తెలుగు చరిత్రలో ఆయనకు చోటెక్కడిదని మిత్రుడొకాయన అడిగారు. హైదరాబాదు మట్టిమీద ఆడి ఎదిగినవాడికి ఆ నేలతో సంబంధం లేదంటే, మద్రాసులో పుస్తకాలచ్చువేసుకొన్న మన కవులెందరినో వదులుకోవాలి. నేను పాఠ్యపుస్తకాల సమీక్షకు కూర్చున్న రోజుల్లో ఒకసారి రహీంగారి మీద, నయీముద్దీన్ మీద చెరొక పుట పాఠం వ్రాసి ఇచ్చాను. ఆటల పాఠం ఇదివరకే ఒకటున్నదని తిరిగి ఇచ్చారు. ఆ ఉన్నది క్రికెట్ మీద. ఆ రెండు పుటలూ ఇంకా నా బీరువాలో ఉన్నాయి. ఈ టపాలోని సగం వాక్యాలు వాటిలోనివే.

మా డ్రిల్లు అయ్యవారు గతించి చాలా కాలమైంది. బడి మైదానంలో ఇప్పుడు సాయంత్రంపూట పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. మొన్న అటువైపు నడకకు వెళితే ఒక మూల అయిదారుగురు ఫుట్‌బాల్ తన్నుకొంటున్నారు. రెండు ఇటుకలు నిలిపి గోలు చేసుకొన్నారు. అందరూ ముందుకే పరుగెత్తుతున్నారు, ఇటుకల దగ్గర మటుకు బక్కపలచని పిల్లవాడొకడు చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. పేరడిగాను. చెప్పి, "నన్నెప్పుడూ ఈడనే నిలబెడతారు తాతా" అన్నాడు. కాసేపు వాడి ప్రక్కనే నిలబడి, ఎదుటివాడు వచ్చేటప్పుడు కాళ్ళు కాకుండా బంతిని చూడమని చెప్పాను.